డైరెక్టరీ లిస్టింగ్‌లో తెలుగు ఫైల్ పేర్లు చెత్తగా వస్తున్నాయి, ఫోన్లో బాబాయి చదవగలిగేలా చెయ్యడం ఎలా?

తెనాలి_కుర్రోడు
మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఆయన క్యాసెట్లు అరవై రెండు ట్రంకు పెట్టెలో ఉంటే, మొన్న వేసవిలో టేప్ రికార్డర్ బాగుచేయించి అన్నిటినీ ఎమ్‌పీ3లుగా మార్చాను. రెండు వైపులూ కలిపి నూట ఇరవై నాలుగు ఫైళ్లు. వెబ్‌సైట్ కట్టడం నాకు రాదు. ఒక షేర్డ్ హోస్టింగ్ (నలుగురూ పంచుకునే అద్దె సర్వర్) కొని, ఫోల్డర్లలో వేసి, డైరెక్టరీ లిస్టింగ్ (ఫోల్డర్లోని ఫైళ్ల జాబితాని సర్వరే పేజీగా చూపించడం) ఆన్ చేసి లింకు చుట్టాలందరికీ పంపాను. సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అని రాసుంది.

ఇప్పుడు గొడవ ఏంటంటే ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో పెట్టాను, పేజీలో మాత్రం ఏవో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. పైగా సగం పేరే కనిపించి చివర చుక్కలు పడుతున్నాయి. ఫోన్లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మా బాబాయికి డెబ్బై రెండేళ్లు, కళ్లద్దాలు పెట్టుకుని కూడా ఏది నొక్కాలో తెలియక నాకు ఫోన్ చేస్తున్నారు. ఆ పేజీ రూపం మార్చడానికి ఏదైనా దారి ఉందా, లేక వెబ్‌సైట్ కట్టించాల్సిందేనా?

రూట్_రాజు
స్క్రీన్‌షాట్ పెట్టు. పిచ్చి గుర్తులంటే ఎలాంటివి? ప్రశ్నార్థకాలా, డబ్బాలా, వంకర ఇంగ్లిష్ అక్షరాలా? మూడిటికీ మూడు వేరే మందులు.

తెనాలి_కుర్రోడు
ఇక్కడ బొమ్మ ఎక్కడం లేదు, మాటల్లో చెప్తా. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత ఇంకేదో. మళ్లీ అదే ఏ, ఈసారి ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు. వరసంతా ఇలాగే.

కమాండ్‌లైన్_కామేశ్వరి
అయితే ఫైళ్లకేం కాలేదు, పేర్లు భద్రంగానే ఉన్నాయి, టెన్షన్ పడకు. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ అంకెలుగా దాచే పద్ధతి, అంటే ఒక ఎన్‌కోడింగ్) మూడు బైట్లు. మొదటి బైట్ అన్నిటికీ ఒకటే, దాన్ని పాత పశ్చిమ యూరప్ ఎన్‌కోడింగ్‌లో చదివితే నువ్వు చెప్పిన ఆ గీత ఉన్న ఏ వస్తుంది. రెండో బైట్ డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గానీ అవుతుంది. అంటే సర్వర్ సరైన బైట్లే పంపుతోంది, బ్రౌజర్‌కి మాత్రం "ఇది ఐఎస్‌ఓ-8859-1" అని తప్పు చెప్తోంది.

అపాచీలో ఈ జాబితా తయారుచేసేది మాడ్_ఆటోఇండెక్స్ అనే మాడ్యూల్. నువ్వు ఏమీ చెప్పకపోతే విండోస్ మీదా మ్యాక్ మీదా యూటీఎఫ్-8 అనుకుంటుంది, లినక్స్ మీద ఐఎస్‌ఓ-8859-1 అనుకుంటుంది. నీ హోస్టింగ్ లినక్స్ అయ్యుంటుంది.

హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (ఫోల్డర్లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైలు) ఇండెక్స్‌ఆప్షన్స్ లైనులో క్యార్‌సెట్=యూటీఎఫ్-8 అని చేర్చు. (క్యార్‌సెట్ అంటే ఎన్‌కోడింగ్ పేరు. డైరెక్టివ్‌ల, అంటే సెట్టింగుల పేర్లు తెలుగులో రాస్తున్నా, ఫైల్లో మాత్రం వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే పెట్టాలి.)

పల్నాటి_పిల్లోడు
యాడ్‌డీఫాల్ట్‌క్యార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక్క లైను పెడితే సరిపోతుంది కదా, ఇంత కథ ఎందుకు

తెనాలి_కుర్రోడు
పల్నాటి_పిల్లోడు చెప్పింది నేను నిన్ననే పెట్టి చూశాను, మారలేదు. పేజీ పై భాగంలో వచ్చే ఫైల్లో మెటా ట్యాగ్ (ఎన్‌కోడింగ్ ఏదో పేజీలోపలే చెప్పే లైను) కూడా పెట్టాను, అదీ పనిచెయ్యలేదు.

కమాండ్‌లైన్_కామేశ్వరి
మారదు. యాడ్‌డీఫాల్ట్‌క్యార్‌సెట్ పనిచేసేది జవాబులో క్యార్‌సెట్ లేనప్పుడే. మాడ్_ఆటోఇండెక్స్ తన పేజీకి తనే క్యార్‌సెట్ అంటించి పంపుతుంది, అప్పటికే ఒకటి ఉంది కాబట్టి నీ లైనుకి పని ఉండదు. మెటా ట్యాగ్ సంగతీ అంతే, హెచ్‌టీటీపీ హెడర్‌లో (పేజీకి ముందు సర్వర్ పంపే వివరాల్లో) ఒక మాటా పేజీ లోపల ఒక మాటా ఉంటే బ్రౌజర్ హెడర్ మాటే వింటుంది.

ఓరుగల్లు_లినక్స్
నా ఉబుంటు సర్వర్లో ఏం చెయ్యకుండానే తెలుగు పేర్లు మంచిగ వచ్చినయి. అందుకే ఈ సమస్య ఉంటదని కూడా నాకు తెల్వదు.

రూట్_రాజు
డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో అపాచీతో వచ్చే ఆటోఇండెక్స్ కాన్ఫిగ్ ఫైల్లో క్యార్‌సెట్=యూటీఎఫ్-8, నేమ్‌విడ్త్=*, హెచ్‌టీఎమ్‌ఎల్‌టేబుల్ అన్నీ ముందే రాసి పెట్టారు. నీకు తెలియకుండా ఎవరో నీ పని చేసిపెట్టారన్నమాట. షేర్డ్ హోస్టింగ్ వాళ్లు సొంత కాన్ఫిగ్ పెట్టుకుంటారు, అక్కడ ఆ లైను ఉండకపోవచ్చు.

గోదారి_గట్టు
ఇదంతా ఎందుకండీ, ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టేస్తే ఏ గొడవా లేదు. రుక్మిణి_కల్యాణం_01 అని ఇంగ్లిష్‌లో కొట్టండి, పక్క వరసలో తెలుగు వివరం పెట్టుకోండి. యాడ్‌డిస్క్రిప్షన్ అని ఉంది దానికోసమే. మా అత్తగారి పాటలకి నేను అలాగే చేశాను. కార్లో పెన్‌డ్రైవ్ పెడితే తెలుగు పేర్లు గళ్లు గళ్లుగా వస్తాయి, ఇంగ్లిష్ అయితే ఆ బాధ లేదు. పైగా తెలుగు పేరున్న లింకు వాట్సాప్‌లో కాపీ చేస్తే శాతం గుర్తులతో మూరెడు పొడుగు వస్తుంది.

లైబ్రరీ_లక్ష్మి
గోదారి_గట్టు గారితో నేను ఒప్పుకోను. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే కళ్యాణమా కల్యాణమా, నా ణా, దీర్ఘం ఉందా లేదా అన్నీ పోతాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫోల్డర్ తెరిచిన మనిషికి దొరికేది ఫైల్ పేరు ఒక్కటే. పక్కన పెట్టిన వివరం హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ఉంటుంది, ఫోల్డర్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకున్న చుట్టానికి ఆ వివరం రాదు. పేరు ఫైలుతోనే ఉండాలి.

గోదారి_గట్టు
లింకు పొడుగు సంగతి మరి?

లైబ్రరీ_లక్ష్మి
ఒక్కో ఫైలు లింకు ఎవరు పంపుతారండీ, ఫోల్డర్ లింకు పంపుతారు. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్‌లో పొట్టిగా పెట్టి, లోపలి ఫైళ్లకి తెలుగు పేర్లు ఉంచితే ఇద్దరి మాటా చెల్లుతుంది.

రూట్_రాజు
లెక్క వేశాను. "రుక్మిణీ కల్యాణం" ఎమ్‌పీ3 పేరు లింకులో 142 క్యారెక్టర్లు అవుతుంది. యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే పద్ధతి) ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, లింకులో ఒక్కో బైట్‌కి శాతం గుర్తుతో కలిపి మూడు క్యారెక్టర్లు, అంటే తొమ్మిది చొప్పున. గోదారి_గట్టు గారు చెప్పిన మూరెడు నిజమే :)

తెనాలి_కుర్రోడు
లక్ష్మి గారు చెప్పిందే నా బాధ కూడా. క్యాసెట్ల మీద తాతగారు ఊదా సిరాతో సొంత చేతిరాతతో పేర్లు రాశారు. ఆయన ఎలా రాశారో అలాగే ఫైలు పేరు పెట్టాను, ఒక్క అక్షరం మార్చలేదు. అది మార్చడానికి నాకు మనసొప్పదు. లింకుల మాట తర్వాత చూసుకుంటాను.

కామేశ్వరి గారూ, క్యార్‌సెట్ పెట్టగానే తెలుగు వచ్చేసింది! కానీ పేరు సగమే వస్తోంది. "రుక్మి" దాకా వచ్చి, ఆ పక్కన నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం, ఆ తర్వాత రెండు చుక్కలు, బాణం.

కమాండ్‌లైన్_కామేశ్వరి
సరిగ్గా అక్కడే తెగాలి. పేరు వరస వెడల్పు మామూలుగా 23 బైట్లు. బైట్లు, అక్షరాలు కాదు. అంతకంటే పొడుగైతే చివర రెండు చుక్కలకీ బాణానికీ మూడు బైట్లు పోను ఇరవై మిగుల్తాయి. ర, ఉకారం, క, పొల్లు, మ, గుడి. ఆరు గుర్తులకి పద్దెనిమిది. మిగిలిన రెండు బైట్లలో ణ మూడోవంతు పోయి ముక్కలైంది, ఆ నల్ల వజ్రం అదే. ఇంగ్లిష్ వాళ్లకి 23 అంటే ఓ మోస్తరు పేరు పడుతుంది, మనకి ఆరేడు గుర్తులతో సరి.

నేమ్‌విడ్త్=* పెట్టు. నక్షత్రం పెడితే ఎంత పొడుగు పేరుంటే అంత వెడల్పు తీసుకుంటుంది. వివరం వరసకి కూడా ఇదే పరిమితి ఉంది కాబట్టి డిస్క్రిప్షన్‌విడ్త్=* కూడా పెట్టు.

ఫాంట్_పిచ్చి
హెచ్‌టీఎమ్‌ఎల్‌టేబుల్ కూడా తప్పకుండా పెట్టండి. అది లేకపోతే జాబితా మొత్తం ప్రీ ట్యాగ్‌లో (ఖాళీలతో సహా ఉన్నదున్నట్టు చూపే రాతగా) వస్తుంది, వరసలు ఖాళీలతో సర్దుతుంది, ఆ ఖాళీలు బైట్లు లెక్కపెట్టి వేస్తుంది. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోటీ ఒక్కో రకం, దాంతో తేదీలు ఒకటి అటూ ఒకటి ఇటూ పళ్లూడిన దువ్వెనలా కనిపిస్తాయి. టేబుల్ పెడితే బ్రౌజరే సర్దుకుంటుంది, సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) రాయడం కూడా తేలిక.

డెవాప్స్_దిలీప్
ఇంత కష్టం ఎందుకు, ఇంజిన్-ఎక్స్ అనే ఇంకో సర్వర్‌కి మారిపో. ఆటోఇండెక్స్ ఆన్, ఒక్క లైను, అయిపోయింది.

రూట్_రాజు
షేర్డ్ హోస్టింగ్‌లో సర్వర్ మార్చడం ఇతని చేతిలో ఉందా? అదీగాక ఇంజిన్-ఎక్స్ ఆటోఇండెక్స్‌కి స్టైల్‌షీట్ (సీఎస్‌ఎస్ ఫైలు) తగిలించే వీలే సొంతంగా లేదు. పేరు కూడా 50 క్యారెక్టర్ల దగ్గర కోసేస్తుంది, ఆ అంకె మార్చడానికి సెట్టింగ్ లేదు. రూపం మార్చాలంటే ఫ్యాన్సీఇండెక్స్ అని బయటివాళ్ల మాడ్యూల్ వేసుకోవాలి.

డెవాప్స్_దిలీప్
50 అనేది నిజమే, ఒప్పుకుంటా. కానీ ఇంజిన్-ఎక్స్‌లో క్యార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఇస్తే అది అక్షరాలనే లెక్కపెడుతుంది, అపాచీలాగా అక్షరం మధ్యలో నరకదు. ఇంకో సంగతి, 1.7.9 వర్షన్ నుంచి ఆటోఇండెక్స్‌_ఫార్మాట్ వచ్చింది. జాబితాని జేసన్‌గా గానీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా గానీ (ప్రోగ్రాములు చదివే డేటా రూపాలు) ఇస్తుంది. జేసన్ తీసుకుని నీకు నచ్చిన పేజీ నువ్వే గీసుకోవచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ అయితే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే మార్పిడి భాషతో సర్వర్ దగ్గరే మార్చుకోవచ్చు. సొంత సర్వర్ ఉన్నవాళ్లకి అది చాలా మంచి దారి.

ఓరుగల్లు_లినక్స్
సొంత సర్వర్ ఉన్నోళ్లకైతే నేను క్యాడీ అనే సర్వర్ చెప్త. ఫైల్_సర్వర్ బ్రౌజ్ అని ఇస్తే వచ్చే పేజీ ఫోన్లో కూడా మంచిగుంటది. నచ్చకపోతే సొంత టెంప్లేట్ ఇచ్చుకోవచ్చు. లైట్‌టీపీడీ అనే ఇంకో సర్వర్ల కూడా బయటి సీఎస్‌ఎస్ పెట్టుకునేటందుకు సెట్టింగ్ ఉంది, ఎన్‌కోడింగ్ చెప్పేటందుకు వేరే ఉంది. కానీ ఇతని దగ్గర ఉన్నది అపాచీ, దాంట్లనే పనైతది. ఉన్నదాన్ని వదిలి వేరేది ఎందుకు?

తెనాలి_కుర్రోడు
నేను అపాచీతోనే ఉంటాను, మార్చే వీలు నాకు లేదు.

ఒకటి అడగాలి. ఆప్షన్స్ +ఇండెక్సెస్ లైను పెట్టగానే మొత్తం పేజీ 500 ఎర్రర్ అయిపోయింది. తీసేస్తే మళ్లీ వచ్చింది. ఏం తప్పు చేశాను?

రూట్_రాజు
నీ తప్పు కాదు. ఏ లైను హెచ్‌టీయాక్సెస్‌లో పెట్టనివ్వాలో హోస్టింగ్ వాళ్లు అలౌఓవర్‌రైడ్‌తో నిర్ణయిస్తారు. ఆప్షన్స్‌కి అనుమతి వేరు, ఇండెక్స్‌ఆప్షన్స్ లాంటివాటికి అనుమతి వేరు. మొదటిది నీకు లేదు, రెండోది ఉంది. లిస్టింగ్ ఎలాగూ ప్యానెల్లో ఆన్ చేశావు కాబట్టి ఆ లైను నీకు అక్కర్లేదు. మిగతావి ఇలా పెట్టు, ఒకే లైనులో:

ఇండెక్స్‌ఆప్షన్స్ ఫ్యాన్సీఇండెక్సింగ్ హెచ్‌టీఎమ్‌ఎల్‌టేబుల్ ఫోల్డర్స్‌ఫస్ట్ వర్షన్‌సార్ట్ నేమ్‌విడ్త్=* డిస్క్రిప్షన్‌విడ్త్=* క్యార్‌సెట్=యూటీఎఫ్-8

తర్వాతి లైను ఇండెక్స్‌స్టైల్‌షీట్, కోట్స్‌లో నీ సీఎస్‌ఎస్ దారి. ఆ తర్వాత ఇండెక్స్‌హెడ్‌ఇన్సర్ట్, కోట్స్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మొత్తం. మీ బాబాయి ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉండటానికి కారణం ఆ వ్యూపోర్ట్ లేకపోవడమే. అది లేని పేజీని ఫోను కంప్యూటర్ తెరంత వెడల్పుగా ఊహించుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది.

పల్నాటి_పిల్లోడు
వర్షన్‌సార్ట్ ఎందుకు అన్నా

రూట్_రాజు
"భాగం-10" వచ్చి "భాగం-2" కంటే ముందు కూర్చోకుండా. అంకెలు మాత్రం 1, 2, 3 అని ఉండాలి. ౧, ౨ అని తెలుగు అంకెలు పెడితే దానికి అవి అంకెలని తెలియదు.

లైబ్రరీ_లక్ష్మి
వరస గురించి ఒక సంతోషం. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు దాదాపు మన వర్ణమాల క్రమంలోనే ఉన్నాయి, కాబట్టి బైట్ల ప్రకారం పేర్చినా అ నుంచి హ దాకా చక్కగా వస్తాయి. ళ మాత్రం ల పక్కకీ, ఱ ర పక్కకీ వెళ్తాయి. క్యాసెట్ల జాబితాకి అదేం ఇబ్బంది కాదు.

ఫాంట్_పిచ్చి
సీఎస్‌ఎస్ నేను రాసిస్తా. ముఖ్యమైనవి చెప్తాను, మిగతాది ప్రైవేటు మెసేజ్‌లో పంపాను.

అక్షరం సైజు 20 పిక్సెళ్లకి తగ్గొద్దు, పెద్దాయన కోసం కాబట్టి 22 పెట్టాను. లైన్-హైట్ 1.8. ఇంగ్లిష్‌కి 1.4 చాలు గానీ మనకి కింద వత్తులూ పైన గుడులూ ఉన్నాయి. తక్కువ పెడితే పై వరసలో "క్మి" కింది మవత్తు వచ్చి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. లింకుని బ్లాక్‌గా చేసి పైనా కిందా 12 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇచ్చాను, అంటే పేరు మీదే కాదు, ఆ వరసలో పేరు గడి అంతా ఎక్కడ నొక్కినా తెరుచుకుంటుంది. వేలితో నొక్కేవాళ్లకి ఇది చాలా అవసరం. ఫోన్లో తేదీ, వివరం వరసలు దాచేశాను, పేరూ సైజూ మాత్రం ఉంటాయి.

ఫాంట్ మాత్రం బయటినుంచి దింపలేదు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఎలాగూ ఉంటుంది. వెబ్ ఫాంట్ పెడితే నెట్ సరిగా లేని చోట పేజీ ఆగుతుంది.

పల్నాటి_పిల్లోడు
తెనాలి వాళ్లకి తెనాలి రామకృష్ణ ఫాంటే పెట్టాలి, అది రూలు :D

ఫాంట్_పిచ్చి
ఆ ఫాంట్ నాకు ఇష్టమే, పైన పెద్ద శీర్షికకి బాగుంటుంది. చిన్న అక్షరాల జాబితాకి కాదు. దింపాలనే ఉంటే మండలి పెట్టుకోండి, చదవడానికి హాయిగా ఉంటుంది.

తెనాలి_కుర్రోడు
పెట్టాను, చాలా బాగా వచ్చింది! కానీ ప్రతి ఫైలు పక్కన బొమ్మ రావాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు వస్తోంది.

కమాండ్‌లైన్_కామేశ్వరి
అపాచీ /ఐకాన్స్/ అనే ఫోల్డర్లో ఉన్న బొమ్మల్ని చూపించబోతోంది, మీ హోస్టింగ్‌లో ఆ ఫోల్డర్‌కి దారి పెట్టలేదు. అవి 20 బై 22 పిక్సెళ్ల చిన్న జిఫ్ బొమ్మలు, మొజాయిక్ బ్రౌజర్ రోజులవి, కెవిన్ హ్యూస్ గీసినవి. నాకైతే వాటి మీద ప్రేమ ఉంది గానీ ఇప్పటి ఫోను తెర మీద మసకగా ఉంటాయి. సప్రెస్‌ఐకాన్ అని చేర్చి తీసెయ్యి. బొమ్మ కావాలంటే సీఎస్‌ఎస్‌లోనే, హెచ్‌రెఫ్ (లింకు చిరునామా) చివర డాట్ ఎమ్‌పీ3 ఉన్న లింకులన్నిటికీ ముందు 🔊 పెట్టమని ఒక్క నియమం రాస్తే చాలు.

గోదారి_గట్టు
ఈ స్పీకర్ బొమ్మ కిటుకు నాకు తెలియదు, మా పాటల పేజీకి కూడా పెట్టేశాను. థాంక్స్ అండీ.

సెక్యూరిటీ_సత్తెమ్మ
అందరూ రూపం గురించే మాట్లాడుతున్నారు. తెనాలి_కుర్రోడు, నువ్వు లింకు ఇస్తే తెరిచి చూశాను. జాబితాలో కింద ఒక ఎక్సెల్ ఫైలు ఉంది, "చుట్టాల నంబర్లు" అని. అది ఎవరైనా తెరవొచ్చు. ముందు దాని సంగతి చూడు.

తెనాలి_కుర్రోడు
అయ్యో! లింకు ఎవరెవరికి పంపాలో రాసుకున్న ఫైలు అది, ఫోల్డర్ మొత్తం ఎక్కించినప్పుడు దాంతోపాటు వెళ్లిపోయింది. ఇండెక్స్‌ఇగ్నోర్‌లో పెట్టేశాను, ఇప్పుడు కనిపించడం లేదు.

సెక్యూరిటీ_సత్తెమ్మ
కనిపించకపోవడం వేరు, తెరుచుకోకపోవడం వేరు. ఇండెక్స్‌ఇగ్నోర్ జాబితాలోంచి పేరు తీసేస్తుంది, అంతే. నా దగ్గర ఉన్న పాత లింకు నొక్కితే ఇప్పుడు కూడా ఫైలు దిగుతోంది, ఇప్పుడే చూశాను. సర్వర్లోంచి తీసెయ్యి. సర్వర్ మీద ఉండి తీరాల్సిన ఫైలైతే పబ్లిక్ ఫోల్డర్‌కి పై మెట్టులో పెట్టు. అదీ కుదరకపోతే హెచ్‌టీయాక్సెస్‌లో ఫైల్స్‌మ్యాచ్ కింద రిక్వైర్ ఆల్ డినైడ్ (ఎవరికీ ఇవ్వొద్దు అని) పెట్టు.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను పనిచేసిన ఒకచోట జీతాల స్లిప్పులు ఇలాగే ఒక ఫోల్డర్లో పెట్టారు. అక్కడా ఎవరో ఇండెక్స్‌ఇగ్నోర్ పెట్టి "దాచేశాం" అనుకున్నారు. అంతకుముందే సెర్చ్ ఇంజిన్ ఆ పేజీని చదివేసింది. నా జీతం స్లిప్పు, బ్యాంకు ఖాతా నంబరుతో సహా, మా మరిది నెట్లో చూసి నాకు ఫోన్ చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. "ఇండెక్స్ ఆఫ్" అనే శీర్షికతో వెతికి ఇలాంటి ఫోల్డర్లు ఏరుకునేవాళ్లు ఉన్నారు.

తెనాలి_కుర్రోడు
తీసేశాను సత్తెమ్మ గారూ. రెండుసార్లు సరిచూసుకున్నాను, ఇప్పుడు 404 (ఫైలు లేదు అని) వస్తోంది. చుట్టాల నంబర్లు నా వల్ల బయటపడి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ని. చాలా థాంక్స్.

సెక్యూరిటీ_సత్తెమ్మ
మంచిది. సెర్చ్‌లో రావద్దు, ఇంట్లోవాళ్లకే ఉండాలి అనుకుంటే ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడర్‌లో నోఇండెక్స్ అని పెట్టు. పాస్‌వర్డ్ పెడితే ఇంకా గట్టిది, కానీ మీ బాబాయికి అది కష్టమేమో, నువ్వే ఆలోచించుకో.

డెవాప్స్_దిలీప్
రూపం గురించే అయితే హెచ్5ఏఐ అని ఒకటుంది, సర్వర్లో పీహెచ్‌పీ (ఒక ప్రోగ్రామింగ్ భాష) ఉంటే చాలు. వెతకడం, పాట అక్కడే వినడం, బొమ్మలు, అన్నీ వస్తాయి.

కమాండ్‌లైన్_కామేశ్వరి
బాగుంటుంది, నేనూ వాడాను. కానీ అది ఒక ప్రోగ్రామ్. హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ వర్షన్ మార్చిన రోజున తెల్లపేజీ వస్తే ఇతను ఎవరిని అడగాలి? మాడ్_ఆటోఇండెక్స్‌తో చేసింది ఏడెనిమిది లైన్ల సెట్టింగ్. రేపు ఆ సీఎస్‌ఎస్ ఫైలు పోయినా జాబితా పోదు, కాస్త ఎబ్బెట్టుగా కనిపిస్తుంది అంతే, కథ మాత్రం వినిపిస్తుంది. తాతగారి క్యాసెట్లు ఇంకో నలభై ఏళ్లు ఉండాలనుకునేవాళ్లకి నేను ఇదే చెప్తాను.

ఓరుగల్లు_లినక్స్
ట్రీ కమాండ్‌తోని కూడా హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ తయారైతది, పెద్ద హెచ్ ఆప్షన్ ఇస్తే. కాకపోతే కొత్త ఫైలు వేసినప్పుడల్లా మళ్లా నడపాలె.

తెనాలి_కుర్రోడు
ఇంకా పదకొండు క్యాసెట్లు మా పెద్దత్త ఇంట్లో దొరికాయట, కొత్తవి వస్తూనే ఉంటాయి. లిస్టింగే నాకు సరిపోతుంది.

ఇంకో రెండు. పైన "ఇండెక్స్ ఆఫ్" అని ఇంగ్లిష్‌లో పెద్దగా వస్తోంది, అక్కడ తాతగారి పేరు పెట్టొచ్చా? రెండోది, "మైరావణ చరిత్ర" రెండుసార్లు వస్తోంది! ఒకటి నేను ఎక్కించింది, ఇంకోటి డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య శబ్దం శుభ్రం చేసి పంపింది. అదే పేరు కాబట్టి పాతదాని మీద పడాలి కదా, రెండూ ఎలా ఉంటాయి? అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు.

రూట్_రాజు
మొదటిదానికి హెడర్‌నేమ్. ఒక చిన్న హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్లో తాతగారి పేరు, రెండు మాటలు రాసి, దాని దారి ముందు స్లాష్‌తో ఇవ్వు, అప్పుడు అన్ని ఫోల్డర్లకీ అదే వస్తుంది. ఆ పెద్ద శీర్షిక పోతుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద మాత్రం "ఇండెక్స్ ఆఫ్" అలాగే ఉంటుంది. అదీ మారాలంటే సప్రెస్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌ప్రీయాంబుల్ పెట్టి, హెడర్ ఫైల్లోనే టైటిల్‌తో సహా మొత్తం తల రాసుకోవాలి. అలా చేస్తే ఇండెక్స్‌స్టైల్‌షీట్, ఇండెక్స్‌హెడ్‌ఇన్సర్ట్ లైన్లు పనిచెయ్యవు, సీఎస్‌ఎస్ లింకు, వ్యూపోర్ట్ అన్నీ ఆ ఫైల్లోకి వెళ్లాలి. ఇది మర్చిపోయి గంటలు గంటలు తల పట్టుకున్నవాళ్లని చూశాను.

కమాండ్‌లైన్_కామేశ్వరి
మైరావణ సంగతి నాకు వదిలెయ్యండి, ఇది నాకు ఇష్టమైన సమస్య! మీ అన్నయ్యది పాత మ్యాక్ కదా?

తెనాలి_కుర్రోడు
అవును, చాలా పాతది. మీకెలా తెలుసు??

కమాండ్‌లైన్_కామేశ్వరి
"మై"లో ఉన్న ఐత్వం. తెలుగు గుణింతాల్లో యూనికోడ్ రెండు రకాలుగా రాయనిచ్చే గుర్తు అదే. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లలో మూడుకి ఆరు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఏ పేరు వచ్చినా విడగొట్టి దాచుకుంటుంది. నువ్వు ఎక్కించింది కలిపిన ఐత్వం, అన్నయ్యది విడదీసిన ఐత్వం. లినక్స్‌కి బైట్లే పేరు కాబట్టి దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. కావాలంటే ఐత్వం లేని పేర్లు చూడు, అవి రెండేసి వచ్చి ఉండవు.

పాతది తీసేసి, అన్నయ్య ఫైలుకి నీ కీబోర్డుతో పేరు మళ్లీ టైపు చెయ్యి, చాలు. చాలా ఫైళ్లుంటే కాన్వ్‌ఎమ్‌వీ కమాండ్‌కి ఎన్‌ఎఫ్‌సీ (కలిపిన రూపం) ఆప్షన్ ఇస్తే అన్నిటినీ ఒకే పద్ధతికి తెస్తుంది.

తెనాలి_కుర్రోడు
నిజమే, అన్నయ్య తొమ్మిది పంపాడు. "మైరావణ", "సైంధవ" మాత్రమే రెండేసి ఉన్నాయి, మిగతా ఏడూ పాతవాటి మీదే పడ్డాయి. ఒళ్లు జలదరించింది నాకు.

లైబ్రరీ_లక్ష్మి
కామేశ్వరి గారు చెప్పినదానికి ఇంకోటి చేరుస్తాను. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు (అక్షరాలు కలవకుండా ఆపేది) పెడతాయి. అది ఉన్న పేరూ లేని పేరూ కూడా చూడ్డానికి ఒక్కోసారి ఒకేలా ఉంటాయి. మా దగ్గర పాత పత్రికల స్కాన్లలో ఇదే వచ్చింది, ఒకే సంచిక రెండు పేర్లతో.

పల్నాటి_పిల్లోడు
ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నా. నేను లోపలి ఫోల్డర్లో ఇంకో హెచ్‌టీయాక్సెస్ పెట్టి ఇండెక్స్‌ఆప్షన్స్ సప్రెస్‌డిస్క్రిప్షన్ అని రాశా, సైజు, తేదీ అన్నీ పోయి ఉత్త చుక్కల జాబితా వచ్చింది. ఎందుకు?

రూట్_రాజు
ముందు ప్లస్ పెట్టలేదు. ప్లస్ లేకుండా రాస్తే పై ఫోల్డర్ నుంచి వచ్చిన ఆప్షన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఫ్యాన్సీఇండెక్సింగ్‌తో సహా. +సప్రెస్‌డిస్క్రిప్షన్ అని రాయి.

పల్నాటి_పిల్లోడు
వచ్చింది అన్నా 🙏

తెనాలి_కుర్రోడు
ఇవాళ పొద్దున బాబాయి ఇంటికి వెళ్లి ఆయన ఫోన్లోనే తెరిచి ఇచ్చాను. కళ్లద్దాలు తీసి చదివారు. వేలితో కిందకి జరుపుకుంటూ ఒక్కో పేరూ పైకి చదివి, "రుక్మిణీ కల్యాణం" దగ్గర ఆగి ఆయనే నొక్కారు. తాతగారి గొంతు రాగానే పిన్ని వంటింట్లోంచి వచ్చేసింది.

ఆయన అడిగింది ఒక్కటే, కొత్తగా వేసినవి పైన కనిపించాలట, రోజూ కిందదాకా వెతకలేను అన్నారు.

కమాండ్‌లైన్_కామేశ్వరి
ఇండెక్స్‌ఆర్డర్‌డీఫాల్ట్ డిసెండింగ్ డేట్. ఫోల్డర్స్‌ఫస్ట్ పెట్టావు కాబట్టి ఫోల్డర్లు పైనే ఉంటాయి, వాటి కింద ఫైళ్లు కొత్తవాటి నుంచి పాతవాటికి వస్తాయి. ఎక్కించేటప్పుడు తేదీ పాతదే ఉంచే ప్రోగ్రాములు ఉంటాయి, నీది అలాంటిదైతే ఆ టిక్కు తీసెయ్యి, లేకపోతే కొత్తది కూడా వెళ్లి కింద కూర్చుంటుంది.

తెనాలి_కుర్రోడు
టిక్కు ఉంది, తీసేశాను. పెద్దత్త క్యాసెట్లు ఆదివారం తెస్తున్నాను, వాటితో సరిచూసి చెప్తాను.